టేపు లేని క్యామ్‌కార్డర్, దానికి సరిపడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్: ఓరుగల్లు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట, జనగామ, ములుగు, భూపాలపల్లి వైపు కెమెరా కొనాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. పెళ్లి కవరేజ్ చేసే స్టూడియోల వాళ్లు, బడి వార్షికోత్సవం తీసే సార్లు, షార్ట్ ఫిల్ములు తీసే కాలేజీ పిల్లలు, ఇంటి వేడుక తామే తీసుకుందామనుకునేవాళ్లు అడిగినవన్నీ ఇందులో కలిపి పెట్టాను. జవాబులు వేరువేరుగా ఉన్నా నేను గట్టిగా చెప్పేది ఒకటే. కెమెరా రాసే ఫైలు మీ దగ్గరున్న కంప్యూటర్‌లో, మీకు చేతనైన సాఫ్ట్‌వేర్‌లో సాఫీగా ఆడాలి. ముందు అది చూసుకోండి, కెమెరా మోడల్ సంగతి ఆ తర్వాత.

టేపు పోయి కార్డు వచ్చింది. దీనివల్ల నిజంగా మారిందేమిటి?

మినీ డీవీ క్యాసెట్ మామూలుగా 60 నిమిషాలు. ఫైర్‌వైర్ కేబుల్ పెట్టి గంట క్యాసెట్‌ను గంటసేపు ఆడిస్తేనే కంప్యూటర్‌లోకి ఎక్కేది. గంట ఫుటేజ్‌కు సుమారు 13 జీబీ పట్టేది. పానసోనిక్ ఎండీ10000 లాంటి భుజం కెమెరాతో పెళ్లిళ్లు తీసిన వాళ్లందరికీ ఆ క్యాప్చర్ రాత్రుళ్లు గుర్తుండే ఉంటాయి. తర్వాత కొన్నాళ్లు డీవీడీ, హార్డ్ డిస్క్ క్యామ్‌కార్డర్లు నడిచాయి. 2006లో సోనీ, పానసోనిక్ కలిసి ఏవీసీహెచ్‌డీ ఫార్మాట్ ప్రకటించాక మెల్లగా అందరూ మెమరీ కార్డుకే మళ్లారు. ఇప్పుడు కార్డు తీసి రీడర్‌లో పెడితే గంటల ఫుటేజ్ నిమిషాల్లో కాపీ అయిపోతుంది.

ఇంకో మార్పు కూడా వచ్చింది. దాని గురించి చాలామంది ఆలోచించరు. క్యాసెట్ అనేది రికార్డింగూ అదే, దాచుకునే ఒరిజినలూ అదే. మిక్సింగ్ (ఎడిటింగ్) అయ్యాక కంప్యూటర్ పాడైనా క్యాసెట్ బీరువాలో భద్రంగా ఉండేది. కార్డు అలా కాదు. రేపటి లగ్గానికి దాన్నే ఫార్మాట్ చేసి వాడతాం. అంటే ఒరిజినల్‌ను దాచే పని పూర్తిగా మన మీద పడింది. కెమెరా బడ్జెట్ వేసుకునేటప్పుడే రెండు హార్డ్ డిస్కుల ధర కూడా అందులో కలపమని నేను అందుకే అంటాను.

ఇప్పుడు అందరూ మిర్రర్‌లెస్ (లెన్స్ మార్చుకునే ఫోటో కెమెరా) వాడుతున్నారు. ఫోన్లు కూడా 4కె తీస్తున్నాయి. ఇంకా క్యామ్‌కార్డర్ ఎందుకు?

మీరు తీసేది ఎంతసేపు సాగుతుందన్న దాన్ని బట్టి నిర్ణయించుకోండి. ఎదుర్కోళ్ల నుంచి జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, ఆపైన బరాత్ వరకు మన పెళ్లి గంటలకొద్దీ నడుస్తుంది. ఎక్కడా ఆపడానికి వీలుండదు. క్యామ్‌కార్డర్‌ను తయారుచేసిందే ఆగకుండా తీయడానికి. పెద్ద బ్యాటరీ పడుతుంది, జూమ్ కోసం లెన్స్ మార్చక్కర్లేదు, రెండు కార్డులుంటాయి, ప్రొఫెషనల్ మోడళ్లలో ఎక్స్ఎల్ఆర్ అనే మూడు పిన్నుల మైకు సాకెట్లు ఉంటాయి. మిర్రర్‌లెస్ కెమెరా అందమైన బొమ్మ ఇస్తుంది, వెనక మసక బాగా వస్తుంది, ప్రీ వెడ్డింగ్ పాటలకు అదే సరి. కానీ మే నెలలో, ఫంక్షన్ హాల్ షెడ్డు కింద, లైట్ల వేడిలో రెండు గంటలు ఆపకుండా తీస్తే చాలా మిర్రర్‌లెస్ బాడీలు వేడెక్కి ఆగిపోతాయి. కెమెరాల మాన్యువళ్లలో సాధారణంగా 40 డిగ్రీల వరకే వాడమని రాసి ఉంటుంది. మన దగ్గర ఎండాకాలం ఆ లెక్క దాటిపోతుంది కాబట్టి ఏ కెమెరా అయినా నీడలో పెట్టే ఏర్పాటు చేసుకోవాలి.

ఇంట్లో పిల్లల పుట్టినరోజు వరకైతే మంచి ఫోన్ చాలు, కెమెరా కొనొద్దు. స్టేజీకి దూరంగా కూర్చుని పిల్లల డాన్స్ తీయాలంటే మాత్రం ఫోన్ జూమ్‌తో పని జరగదు. 20 రెట్ల ఆప్టికల్ జూమ్ (లెన్సే చేసే జూమ్) ఉన్న చిన్న క్యామ్‌కార్డర్ అక్కడే అక్కరకొస్తుంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండే డిజిటల్ జూమ్ అంకెను పట్టించుకోవద్దు, ఆప్టికల్ ఎంతో చూడండి.

సెన్సర్ సైజు చూడాలా, జూమ్ చూడాలా?

రెండూ ఒకేసారి ఎక్కువ దొరకవు. సెన్సర్ పెద్దదైతే తక్కువ వెలుతురులో బొమ్మ శుభ్రంగా వస్తుంది కానీ జూమ్ తగ్గుతుంది. సోనీ ఎన్ఎక్స్100, జెడ్90 కెమెరాల్లో ఒక అంగుళం సెన్సర్, 12 రెట్ల జూమ్. ఏఎక్స్53లో సెన్సర్ చిన్నది, జూమ్ 20 రెట్లు. పానసోనిక్ ఎక్స్2000లోనూ చిన్న సెన్సరే, జూమ్ 24 రెట్లు. సోనీ ఎంసీ2500 భుజం కెమెరాను పెళ్లి స్టూడియోల వాళ్లు ఇష్టపడతారు, చూడ్డానికి గంభీరంగా ఉంటుంది, భుజం మీద నిలకడగా కూర్చుంటుంది. కానీ లోపల సెన్సర్ పావు అంగుళమే. భుజం కెమెరా కనిపిస్తేనే పార్టీ వాళ్లకు (పెళ్లి పని ఇచ్చినవాళ్లకు) నమ్మకం అంటారు కొందరు. నా సలహా మాత్రం సెన్సర్‌కే. రాత్రి లగ్గాలు ఎక్కువగా తీసేవాళ్లు ఒక అంగుళం సెన్సర్ వైపు, పగటి సభలు, ఆటల పోటీలు తీసేవాళ్లు జూమ్ వైపు మొగ్గండి. వీటిలో కొన్ని కొత్తవి దొరక్క సెకండ్ హ్యాండ్‌లోనే దొరకొచ్చు, ఆ సంగతి కింద చెప్పాను.

ఏవీసీహెచ్‌డీ, ఎక్స్ఏవీసీ ఎస్, హెచ్.265 అంటారు. నాకు ఏది కావాలి?

కొనేటప్పుడు అందరూ దాటేసే ప్రశ్న ఇది. తర్వాత ఎక్కువ టెన్షన్ పెట్టేదీ ఇదే. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఏవీసీహెచ్‌డీ లోపల ఉండేది హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన వీడియో. ఫైళ్లకు ఎంటీఎస్ అని పేరుంటుంది. మొదట్లో కెమెరా గరిష్ఠంగా సెకనుకు 24 మెగాబిట్ల డేటా రాసేది, 2011లో వచ్చిన రెండో వెర్షన్‌లో 50 పూర్తి ఫ్రేములతో 28 మెగాబిట్ల దాకా పెరిగింది. పాత కంప్యూటర్‌లో కూడా ఆడుతుంది, చోటు తక్కువ తింటుంది. 24 మెగాబిట్ల దగ్గర గంటకు 11 జీబీ లోపే. ఎక్స్ఏవీసీ ఎస్‌ను సోనీ 2013లో తెచ్చింది. ఇదీ హెచ్.264 కుటుంబమే కానీ ఫైలు ఎంపీ4గా వస్తుంది. ఫుల్ హెచ్‌డీకి 50 మెగాబిట్లు, అంటే గంటకు 22 జీబీ పైన. 4కె అయితే 100 మెగాబిట్ల వరకు, గంటకు 45 జీబీ. హెచ్.265 అదే నాణ్యతను తక్కువ చోటులో సర్దుతుంది కానీ విప్పడానికి కంప్యూటర్ ఎక్కువ శ్రమ పడాలి.

ఈ ఫార్మాట్లన్నిటిలో ఒక పోలిక ఉంది. ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. అప్పుడొకటి అప్పుడొకటి పూర్తి బొమ్మ రాసి, మధ్యలో వచ్చిన మార్పులే రాసుకుంటూ పోతుంది. అందుకే టైమ్‌లైన్ (క్లిప్పులు వరుసగా పేర్చే పట్టీ) మీద వెనక్కి ముందుకు జరిపినప్పుడు కంప్యూటర్ తడబడుతుంది. ప్లేయర్‌లో బాగానే ఆడిన ఫైలు ఎడిటింగ్‌లో ఆగి ఆగి నడవడానికి కారణం ఇదే.

10 బిట్ 4:2:2 అనే మాట డబ్బా మీద కనిపిస్తే ఇంకా జాగ్రత్తగా ఉండండి. అంటే రంగుల వివరాలు ఎక్కువగా రాస్తుందని. రంగులు సరిచేసుకోవడానికి అది చాలా మంచిది. కానీ హెచ్.264లో ఆ రకం ఫైళ్లను చాలా గ్రాఫిక్స్ కార్డులు సొంతంగా విప్పలేవు, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. కొత్త కెమెరా కొని, పాత కంప్యూటర్‌లో ఫైలు కదలక, నెల తిరగకుండానే కంప్యూటర్ కూడా మార్చాల్సి వచ్చిన స్టూడియోలు మన దగ్గర ఉన్నాయి.

మరి కొనేముందే ఎలా తెలుసుకోవాలి?

మీ కార్డు మీరే జేబులో పెట్టుకుని వెళ్లండి. షాపులో ఉన్న డెమో కెమెరాలో దాన్ని పెట్టి, మీరు వాడబోయే సెట్టింగ్‌లో ఐదు నిమిషాలు తీయండి. ఒకసారి మనిషిని, ఒకసారి ట్యూబ్‌లైట్ కింద, ఒకసారి వేగంగా పక్కకు తిప్పుతూ తీయండి. ఇంటికి తెచ్చి మీ సాఫ్ట్‌వేర్‌లో మూడు లేయర్లు పేర్చి, ఒక టైటిల్ వేసి, ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. హనుమకొండ చౌరస్తా షాపైనా, హైదరాబాద్ కోఠి షాపైనా ఇంత పెద్ద వస్తువు కొనేవాళ్లను ఐదు నిమిషాలు తీసుకోనివ్వకపోతే వేరే షాపుకు వెళ్లండి. ఇప్పటికే ఆ మోడల్ వాడుతున్న స్టూడియో అన్నలెవరైనా మీకు తెలిస్తే వాళ్ల దగ్గర ఒక్క ఒరిజినల్ క్లిప్ తీసుకున్నా చాలు. వాట్సాప్‌లో పంపించుకోవద్దు, అది నలిగిపోయి వస్తుంది. పెన్‌డ్రైవ్‌లోనే తెచ్చుకోండి.

4కె తీయాలా, ఫుల్ హెచ్‌డీ సరిపోతుందా?

పెళ్లి మొత్తం కవరేజ్‌కు ఫుల్ హెచ్‌డీ ఇప్పటికీ సరిపోతుంది. పార్టీ చేతికి ఇచ్చేది మూడు గంటల వీడియో, చూసేది ఇంట్లో టీవీలో. రెండో కెమెరా లేనివాళ్లకు మాత్రం 4కె నిజంగా పనికొస్తుంది. దూరంగా పెట్టి వెడల్పుగా తీసి, ఫుల్ హెచ్‌డీ టైమ్‌లైన్‌లో వేసుకుంటే దగ్గరి షాట్ కూడా అందులోంచే కోసుకోవచ్చు. నాలుగింతలు పిక్సెళ్లు మోసే కంప్యూటర్ ఉంటేనే ఆ దారి.

మెమరీ కార్డు ఏది కొనాలి?

కార్డు మీద వి30 లేదా యూ3 గుర్తు ఉండాలి. అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు ఆగకుండా రాయగలదని. 100 మెగాబిట్ల 4కెకు కూడా అది సరిపోతుంది, ఎందుకంటే 100 మెగాబిట్లు అంటే పన్నెండున్నర మెగాబైట్లే. బిట్లకూ బైట్లకూ ఎనిమిది రెట్ల తేడా ఉందని గుర్తుంచుకుంటే అమ్మేవాళ్లు అనవసరంగా ఖరీదైన కార్డు అంటగట్టలేరు. 64 జీబీ కార్డులో 28 మెగాబిట్ల ఏవీసీహెచ్‌డీ దాదాపు ఐదు గంటలు, 50 మెగాబిట్లలో రెండున్నర గంటలకు పైగా, 100 మెగాబిట్ల 4కె సుమారు గంటా పావు పడుతుంది. పెళ్లికి ఒకే పెద్ద కార్డు కంటే రెండు మూడు మధ్యస్థం కార్డులు మేలు. ఒకటి పాడైనా మిగతా పెళ్లి మిగులుతుంది.

నకిలీ కార్డులు మార్కెట్లో చాలా ఉన్నాయి. పైన 128 అని రాసి ఉంటుంది, లోపల అంత చోటుండదు. నిండేదాకా రాస్తున్నట్టే కనిపించి, తర్వాత తెరిస్తే ఫైళ్లు ఖాళీ. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో కొత్త కార్డును మొత్తం రాసి, చదివించి చూడకుండా ఏ లగ్గానికీ తీసుకెళ్లకండి.

రెండు స్లాట్లున్న కెమెరా అయితే రెండు కార్డుల్లోనూ ఒకేసారి రాసే పద్ధతి పెట్టుకోండి. ఒకటి నిండాక రెండోదానికి వెళ్లే రిలే పద్ధతి జాతరలకు, సభలకు బాగుంటుంది. పెళ్లికి మాత్రం జంట రికార్డింగే.

కార్డును కంప్యూటర్‌లోకి డంప్ చేసేటప్పుడు వీడియో ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుంటే చాలదా?

చాలదు. ఏవీసీహెచ్‌డీలో ప్రైవేట్ అనే ఫోల్డర్ మొత్తం ఉన్నది ఉన్నట్టు కాపీ చేయాలి. కారణం ఉంది. ఈ కెమెరాలు ఆగకుండా తీసినా ఫైలును 2 జీబీ లేదా 4 జీబీ దగ్గర ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలు ఏ వరుసలో అతుక్కోవాలో పక్క ఫోల్డర్లలోని చిన్న ఫైళ్లలో రాసి ఉంటుంది. ఎంటీఎస్ ఫైళ్లను ఒక్కటొక్కటిగా లాక్కొస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లలో అతుకు దగ్గర శబ్దం ఒక్క క్షణం పోతుంది. మంత్రం మధ్యలోనో, పాట మధ్యలోనో శబ్దం అలా తెగడం వినబడుతుంది, ఎందుకొచ్చిందో అర్థం కాదు. ఫోల్డర్ మొత్తం ఉంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఎడియస్ సోర్స్ బ్రౌజర్ ద్వారా, ప్రీమియర్ మీడియా బ్రౌజర్ ద్వారా ఒకే క్లిప్‌గా తెస్తాయి.

డంప్ అయ్యాక ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు రెండు వైపులా సరిపోయాయా చూడండి. నాలుగైదు క్లిప్పులు తెరిచి చివరి దాకా జరిపి చూడండి. కార్డు పక్కనున్న చిన్న లాక్ మీటను కాపీ చేసేముందే కిందికి జరిపితే పొరపాటున కూడా ఏదీ చెరగదు. రెండో డిస్కులోకి కూడా వెళ్లాకే కార్డు ఫార్మాట్, అది కూడా కంప్యూటర్‌లో కాకుండా కెమెరాలోనే.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఏది తీసుకోవాలి?

పెళ్లి మిక్సింగ్‌కు మన దగ్గర కనోపస్ కంపెనీ చేసిన రోజుల నుంచి ఎడియస్ అలవాటు. ఆ అలవాటుకు అర్థముంది. వేరువేరు కెమెరాల ఫైళ్లను మార్చకుండానే ఒకే టైమ్‌లైన్‌లో కలిపి వేస్తే చాలావరకు ఆగకుండా ఆడిస్తుంది. మామూలు కంప్యూటర్‌లోనూ చురుగ్గా ఉంటుంది. విండోస్‌లో మాత్రమే పనిచేస్తుంది. రోజుకో పెళ్లి బయటికి పంపాల్సిన స్టూడియోకు ఇదే నా మొదటి మాట.

డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు పెద్ద వరం. రంగులు సరిచేయడంలో దానికి ఏదీ సాటి రాదు. ఉచితంలోనే 4కె వరకు ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది. కానీ మంచి గ్రాఫిక్స్ కార్డు అడుగుతుంది. కొన్ని 10 బిట్ ఫైళ్లు ఉచిత వెర్షన్‌లో తెరుచుకోవు. లినక్స్ మీద ఉచిత వెర్షన్ హెచ్.264నే తీసుకోదు. పూర్తి వెర్షన్ 295 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. ప్రీమియర్ ప్రోకు నెలనెలా లేదా ఏడాదికోసారి చందా కట్టాలి. టీవీ చానెళ్లలో, ఏజెన్సీల్లో ఉద్యోగం చూసుకునే పిల్లలు ప్రీమియర్ నేర్చుకోవడం మంచిది. మ్యాక్ ఉన్నవాళ్లకు ఫైనల్ కట్ ఉంది, ఇంకేం వెతకక్కర్లేదు. ఇంటి వీడియోలకు, బడి పనులకు షాట్‌కట్ లేదా కేడెన్‌లైవ్ చాలు. రెండూ పూర్తిగా ఉచితం, దాదాపు అన్ని ఫైళ్లూ తింటాయి.

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ గురించి కూడా అడుగుతారు. వద్దు. ఆ ఫైళ్లతో పాటు వచ్చే వైరస్‌లు డిస్కులో ఉన్న అందరి ఫుటేజ్‌కూ తాళం వేసి డబ్బులడిగే రకం కూడా ఉంటాయి. అలా పోయేది వేరే వాళ్ల ఇంటి పెళ్లి. ఉచితంగా, న్యాయంగా దొరికేవి ఇన్ని ఉండగా ఆ దారి దేనికి?

సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ వస్తోంది, మాట రావట్లేదు. ఎందుకు?

ఏవీసీహెచ్‌డీలో శబ్దం ఎక్కువగా డాల్బీ డిజిటల్‌లో ఉంటుంది. దాన్ని చదివే భాగం కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఉండదు. షట్టర్ ఎన్‌కోడర్ అనే ఉచిత ప్రోగ్రాంలో బొమ్మను ముట్టుకోకుండా శబ్దాన్ని మాత్రం పీసీఎమ్‌కు (కుదించని శబ్దానికి) మార్చి తెచ్చుకోండి.

కంప్యూటర్ ఎలాంటిది ఉండాలి?

ఫుల్ హెచ్‌డీకి 16 జీబీ ర్యామ్, 4కెకు 32. ప్రాజెక్టు నడిచే డిస్కు ఎస్ఎస్‌డీ కావాలి. దాచుకోవడానికి మామూలు హార్డ్ డిస్కు చాలు.

అసెంబుల్ చేయించుకునేవాళ్లు ఒకటి గమనించండి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ భాగం ఉండదు. దాంతో పాటు వీడియోను వేగంగా విప్పే క్విక్ సింక్ కూడా ఉండదు. కొంచెం తక్కువకు వస్తుందని చాలామంది అదే తీసుకుంటారు. గేములకు పర్వాలేదు, ఎడిటింగ్‌కు ఎఫ్ లేనిదే అడగండి. 10 బిట్ 4:2:2 హెచ్.265 ఫైళ్లను ఇంటెల్ 11వ తరం నుంచి ఆ భాగమే విప్పగలదు.

ఇప్పుడే కంప్యూటర్ మార్చలేకపోతే ప్రాక్సీలు చేసుకోండి. సాఫ్ట్‌వేరే ప్రతి క్లిప్‌కూ ఒక చిన్న నకలు తయారుచేస్తుంది. మీరు దాని మీద కోసుకుంటారు, ఎక్స్‌పోర్ట్ మాత్రం ఒరిజినల్ నుంచే వస్తుంది. రాత్రి ప్రాక్సీ పెట్టి పడుకుంటే పొద్దునకు పని సిద్ధం. యూపీఎస్ తప్పనిసరి. రెండరింగ్ మధ్యలో కరెంటు పోతే పోయేది సమయం మాత్రమే కాదు, ఒక్కోసారి డిస్కులోని ఫైలు కూడా.

మా తమ్ముడు అమెరికా నుంచి క్యామ్‌కార్డర్ తెస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా?

ముందు మెనూలో 50, 60 మధ్య మార్చుకునే వీలుందో లేదో కనుక్కోమనండి. అక్కడ అమ్మే ఇంటి క్యామ్‌కార్డర్లు ఎక్కువగా 60 ఫ్రేములకే కట్టుబడి ఉంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, మన లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. 60తో తీస్తే ట్యూబ్‌లైట్, ఎల్ఈడీ లైట్ల కింద బొమ్మలో చారలు పాకుతాయి. షట్టర్‌ను 1/100 దగ్గర బిగిస్తే చాలావరకు తగ్గుతుంది. ఇక్కడి 25, 50 ఫ్రేముల కెమెరాలతో కలిపినప్పుడు మాత్రం కదలికలో కుదుపు కనిపిస్తుంది. ఛార్జర్‌తో సాధారణంగా ఇబ్బంది లేదు, 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది. వారంటీ మాత్రం ఇక్కడ చెల్లుతుందో లేదో కాగితం చదివి చూసుకోండి.

ఫోన్ వీడియోలు కలిపితే కాసేపయ్యాక పెదవులకూ మాటకూ పొంతన తప్పుతోంది.

ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల వేగాన్ని మార్చుకుంటూ తీస్తాయి. టైమ్‌లైన్‌కు అది తెలియదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంలో స్థిరమైన 25 లేదా 50 ఫ్రేములకు మార్చి తెచ్చుకోండి. వీలైతే తీసేటప్పుడే ఫోన్‌లో 25 పెట్టించండి.

ఫంక్షన్ హాల్‌లో శబ్దం పగిలిపోతోంది. కెమెరా మార్చాలా?

కెమెరాది కాదు, ఆటో లెవెల్‌ది. డప్పులు, డీజే మొదలవగానే కెమెరా శబ్దాన్ని నొక్కేస్తుంది, ఆగగానే పెంచేస్తుంది. పంతులు గారి మంత్రం, అప్పగింతలప్పుడు అమ్మ మాట అందులో మునిగిపోతాయి. మాన్యువల్ పెట్టి, పెద్ద శబ్దం వచ్చినా మీటర్ మైనస్ 12 దగ్గర ఆగేలా చూసుకోండి. ఒక చానెల్‌కు కెమెరా మైకు, రెండో చానెల్‌కు కాలర్ మైకు ఇవ్వండి. ఒగ్గు కథ, సభలు అయితే సౌండ్ వాళ్ల మిక్సర్ నుంచి ఒక లైన్ అడగండి. అప్పుడు ఎక్స్ఎల్ఆర్ మీటను మైకు నుంచి లైన్‌కు మార్చాలి, మైకుకు కరెంటిచ్చే 48 వోల్టుల మీట ఆపేయాలి. లైన్ శబ్దాన్ని మైకు మీట మీద తీసుకుంటే అది పగిలిపోతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయలేదు.

నా లెక్కలో కెమెరా మీద పదివేలు ఎక్కువ పెట్టడం కంటే మంచి కాలర్ మైకు మీద పెట్టడం మేలు. ఇరవై ఏళ్లకు ఆ వీడియో తెరిచినప్పుడు ఇంట్లో వాళ్లు వెతుక్కునేది తాతమ్మ గొంతే.

సద్దుల బతుకమ్మ రాత్రి తీస్తే గుడ్డి గుడ్డిగా, రంగులు మారిపోతూ వస్తోంది.

రెండు కారణాలు. సీరియల్ బల్బులు, ఫ్లడ్‌లైట్లు, దీపాల వెలుగు కలిసినచోట ఆటో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా కనబడేలా చేసే రంగుల సర్దుబాటు) క్షణక్షణం మారిపోతుంది. తంగేడు పసుపు ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి నారింజగా పడుతుంది. తెల్ల కాగితం చూపించి మాన్యువల్‌గా పెట్టేయండి. రెండోది గెయిన్, అంటే చీకట్లో బొమ్మ వెలుగును కెమెరా లోపలే పెంచే సెట్టింగ్. ఆటోలో అది చాలా ఎత్తుకు పోయి బొమ్మంతా ఇసుక చల్లినట్టవుతుంది. 12 డెసిబెల్ దగ్గర కట్టడి చేయండి, షట్టర్ 1/50 ఉంచండి, జూమ్ తగ్గించి దగ్గరికి నడవండి. చాలా లెన్సులు జూమ్ చేసేకొద్దీ వెలుతురు కోల్పోతాయి. బొమ్మ కాస్త చీకటిగా ఉన్నా మంచిదే, రాత్రి రాత్రిలాగే కనబడాలి.

మేడారం జాతరకు తీసుకెళ్తే ఏం జాగ్రత్తలు?

దుమ్ము, జనం, కరెంటు లేకపోవడం. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చే వేళ జనంలో మీరు కార్డు మార్చలేరు, బ్యాటరీ మార్చలేరు. ముందే రెండు స్లాట్లలో ఖాళీ కార్డులు, రిలే పద్ధతి, నిండు బ్యాటరీ పెట్టుకుని ఒకచోట నిలబడండి. కార్డు తలుపు దుమ్ములో తెరవద్దు. లెన్స్ ముందు సాదా యూవీ ఫిల్టర్ వేయండి, తుడిచినా గీత పడినా దానికే పడుతుంది. లెన్స్ మార్చక్కర్లేని క్యామ్‌కార్డర్ విలువ అక్కడ బాగా తెలుస్తుంది.

వేయి స్తంభాల గుడిలో, ఓరుగల్లు ఖిలాలో, రామప్పలో షూటింగ్ చేసుకోవచ్చా?

ఇవి కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. స్టాండు, లైట్లు పెట్టి తీయాలంటే ముందుగా అనుమతి తీసుకోండి. అక్కడికి వెళ్లాక అడిగితే కుదరదు.

టైటిల్‌లో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి.

పాత స్టూడియోలు యూనికోడ్ కాని అను ఫాంట్లతో నెట్టుకొచ్చాయి. యూనికోడ్‌లో రాస్తే కొన్ని టైట్లర్లు ఒత్తును అక్షరం కింద కాకుండా పక్కన వేస్తాయి. ప్రీమియర్‌లో గ్రాఫిక్స్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఇంజన్ ఎంచుకుంటే సరిపోతుంది. మిగతా వాటిలో కుదరకపోతే టైటిల్‌ను ఇంక్‌స్కేప్‌లో రాసి, వెనక భాగం లేని పీఎన్‌జీగా తెచ్చి వేయండి. రామభద్ర, మండలి, సూరన్న లాంటి అందమైన తెలుగు ఫాంట్లు గూగుల్‌లో ఉచితంగా దొరుకుతాయి. పెళ్లికూతురి పేరు తప్పుగా పడిన వీడియో ఆ ఇంట్లో ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో ఇంకొకరితో కూడా చదివించండి.

పెన్‌డ్రైవ్ ఇస్తే టీవీలో రావట్లేదని పార్టీ వాళ్లు తిరిగి తెస్తున్నారు.

ఎంపీ4, హెచ్.264, శబ్దం ఏఏసీ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి, దాదాపు ప్రతి టీవీ తీసుకుంటుంది. హెచ్.265 పంపితే పాత టీవీలు మొరాయిస్తాయి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. కాబట్టి పెళ్లిని ఎదుర్కోళ్లు, లగ్గం, అప్పగింతలు, బరాత్ అని భాగాలుగా ఇస్తే ఎక్కించడానికీ వీలు, చూసుకోవడానికీ వీలు. కెమెరా 50ఐలో (బొమ్మను ఒకదాని తర్వాత ఒకటి రెండు సగాలుగా రాసే పద్ధతిలో) తీసి ఉంటే ఎక్స్‌పోర్ట్‌లో డీఇంటర్‌లేస్ చేయండి, అంటే ఆ సగాలను పూర్తి ఫ్రేములుగా మార్చండి, లేకపోతే ఫోన్‌లో చూసినప్పుడు అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి.

కార్డు పొరపాటున ఫార్మాట్ అయింది. ఫుటేజ్ తిరిగి వస్తుందా?

ఆ కార్డులో ఇంకేమీ రాయకపోతే చాలాసార్లు వస్తుంది. వెంటనే కెమెరాలోంచి తీసి లాక్ మీట వేయండి. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో వేరే డిస్కులోకి తీసుకోండి. రికార్డింగ్ మధ్యలో బ్యాటరీ ఊడిపోయిన సందర్భమైతే ముందు అదే కార్డును అదే కెమెరాలో పెట్టి ఆన్ చేయండి. డేటాబేస్ సరిచేయనా అని అడిగితే సరే అనండి. చాలా కెమెరాలు ఆగిన చోటు వరకు ఫైలును అవే కూర్చుకుంటాయి.

సెకండ్ హ్యాండ్‌లో ఏం చూడాలి?

టేపు కెమెరాల్లోలాగా హెడ్ (టేపును చదివే భాగం) అరుగుదల ఉండదు కాబట్టి టేపు లేనివి సెకండ్ హ్యాండ్‌లో కొనడం కొంత నయం. సోనీ ప్రొఫెషనల్ మోడళ్ల మెనూలో ఎన్ని గంటలు వాడారో చూపించే మీటర్ ఉంటుంది, చూడండి. లెన్స్‌లోకి టార్చ్ కొట్టి బూజు ఉందేమో చూడండి. మూత పెట్టి గెయిన్ పెంచి తీసి, చీకట్లో మెరిసే చుక్కలు ఎన్నో లెక్కపెట్టండి. జూమ్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే వేగంతో నడవాలి. ఎక్స్ఎల్ఆర్, హెచ్‌డీఎంఐ సాకెట్లు కదిపితే శబ్దం తెగకూడదు. రెండు కార్డు స్లాట్లూ విడివిడిగా పరీక్షించండి, చాలామంది రెండోదాన్ని మర్చిపోతారు.

ఇంట్లో పాత మినీ డీవీ క్యాసెట్లు ఉన్నాయి. వాటిని ఏం చేయాలి?

ఆలస్యం చేయకండి. కొత్త కంప్యూటర్లలో ఫైర్‌వైర్ రావట్లేదు, ఆడించే కెమెరాలు ఒక్కొక్కటిగా మూలపడుతున్నాయి, వానాకాలం తేమకు టేపుకు బూజు పడుతోంది. పాత డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు వేయించి, పనిచేసే కెమెరాను ఒకటి సంపాదించి, హెడ్ శుభ్రం చేయించి, క్యాసెట్‌ను ముందు ఒకసారి చివరి దాకా చుట్టి వెనక్కి తెచ్చి, ఆ తర్వాత ఎక్కించుకోండి. ఏవీఐగా వచ్చిన డీవీ ఫైలును అలాగే దాచండి, చూడ్డానికి వేరేగా ఎంపీ4 చేసుకోండి. రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి ఒకటి మీ ఇంట్లో, ఇంకొకటి అక్క ఇంట్లోనో అన్న ఇంట్లోనో ఉంచండి, ఏడాదికోసారి రెండూ తెరిచి చూసుకోండి. కొత్త కార్డు ఫుటేజ్‌కు కూడా ఇదే పద్ధతి. స్టూడియో వాళ్లయితే ఒరిజినల్ ఎన్నాళ్లు ఉంచుతారో బిల్లు మీదే రాసి ఇవ్వండి, ఆ గడువు లోపు పార్టీ వాళ్లు డిస్కు తెచ్చుకుని కాపీ తీసుకుపోతారు.